క్లెయిమ్స్ తక్కువగానే ఉన్నాయి, మరి ఉద్యోగాలు ఎందుకు దొరకడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ తమ్ముడు 2025 మేలో డల్లాస్‌లో ఎంఎస్ పూర్తి చేశాడు. నెలలు గడుస్తున్నా ఇంటర్వ్యూ కాల్స్ కూడా సరిగ్గా రావడం లేదు. టీవీలో మాత్రం ప్రతి గురువారం సాయంత్రం ‘అమెరికాలో నిరుద్యోగ క్లెయిమ్స్ 2 లక్షల పైచిలుకే, లేబర్ మార్కెట్ గట్టిగానే ఉంది’ అంటున్నారు. క్లెయిమ్స్ అంటే నిరుద్యోగ బీమా కోసం పెట్టే దరఖాస్తులు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి, ఆ అంకెను ఎవరైనా కావాలని తగ్గించి చూపిస్తున్నారా అని అడిగారు.

తగ్గించి చూపించడం లేదు. అంకె నిజమే, మీ తమ్ముడి పరిస్థితీ నిజమే. ఆ అంకె లెక్కపెట్టేది ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను. ఉద్యోగం దొరకనివాళ్లు అందులో ఉండరు. గందరగోళమంతా ఇక్కడే. నేను చాలా ఏళ్లు అక్కడ ఒక రాష్ట్రపు నిరుద్యోగ బీమా సాఫ్ట్‌వేర్ మీద కాంట్రాక్టర్‌గా పనిచేశాను. గురువారం అంకెకు ముడిసరుకు ఎక్కడ తయారవుతుందో దగ్గర నుంచి చూసినవాడిని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

అమెరికాలో నిరుద్యోగ బీమా 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంతో దేశమంతటా వచ్చింది. విస్కాన్సిన్ అంతకు మూడేళ్ల ముందే, 1932లోనే సొంత చట్టం చేసుకుంది. చట్రం కేంద్రానిది, నడిపేది రాష్ట్రాలు. కంపెనీలు తమ ఉద్యోగుల జీతాల మీద పన్ను కడతాయి, ఆ నిధి లోంచి ఉద్యోగం పోయినవాళ్లకు వారం వారం కొంత డబ్బు వస్తుంది. ఎంత వస్తుంది, ఎన్ని వారాలు వస్తుంది అనేది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువ రాష్ట్రాల్లో గరిష్ఠంగా 26 వారాలు. ఫ్లోరిడాలో నిరుద్యోగం తక్కువగా ఉన్నప్పుడు 12 వారాలే, అదీ వారానికి 275 డాలర్లకు మించదు. మిసిసిపీలో గరిష్ఠం 235 డాలర్లు. మసాచుసెట్స్‌లో వెయ్యి డాలర్లు దాటుతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. 235 డాలర్ల కోసం ఫారాలన్నీ నింపి, ఫోన్‌లో గంటలు గంటలు వేచి ఉండటం దేనికని అప్లై చేయకుండా వదిలేసేవాళ్లు చాలామంది. వాళ్లు ఏ గురువారం లెక్కలోకీ రారు.

ఉద్యోగం పోయిన మనిషి తన రాష్ట్రం వెబ్‌సైట్‌లోకి వెళ్లి మొదటిసారి పెట్టే దరఖాస్తునే ఇనీషియల్ క్లెయిమ్ అంటారు. ఆదివారం నుంచి శనివారం వరకు వచ్చిన దరఖాస్తుల సంఖ్యను ప్రతి రాష్ట్రమూ వాషింగ్టన్‌లోని కార్మిక శాఖకు పంపుతుంది. అన్నీ కలిపి ఆ వచ్చే గురువారం తూర్పు అమెరికా టైమ్ ఉదయం 8:30కి విడుదల చేస్తారు. మనకు అక్కడి వేసవిలో సాయంత్రం 6, చలికాలంలో 7 గంటలు. అంటే శనివారంతో ముగిసిన వారం లెక్క ఐదు రోజుల్లో చేతికి వస్తుంది. ఆర్థిక వ్యవస్థ గురించి ఇంత తొందరగా వచ్చే ప్రభుత్వ లెక్క ఇంకొకటి చూపించడం కష్టం.

తొందర ఒక్కటే కాదు, ఇది సర్వే కూడా కాదు. నెలకోసారి చెప్పే నిరుద్యోగ రేటు సుమారు 60 వేల ఇళ్లను ప్రశ్నలడిగి వేసే అంచనా. అందులో శాంపిల్ ఎర్రర్ ఉంటుంది. క్లెయిమ్స్ అలా కాదు, వచ్చిన దరఖాస్తులను ఒక్కొక్కటిగా కూడగా వచ్చిన మొత్తం. మన దేశంలో ఇలాంటి వారపు లెక్క లేదు. ఉద్యోగాల మీద మనకున్న ప్రభుత్వ లెక్క పీఎల్‌ఎఫ్‌ఎస్ కూడా సర్వేనే, అది నెలవారీగా మారింది 2025లోనే.

మీ అనుమానానికి కారణం నాకు తెలుసు. 2025 ఆగస్టు 1న జాబ్స్ రిపోర్ట్‌లో మే, జూన్ నెలల ఉద్యోగాల సంఖ్యను కలిపి 2,58,000 తగ్గించారు. అదే రోజు ట్రంప్ ఆ లెక్కలు వేసే సంస్థ అధిపతి ఎరికా మెకెంటార్ఫర్‌ను పదవి నుంచి తీసేశారు. అప్పటి నుంచి అమెరికా లెక్కలన్నిటి మీదా జనానికి అపనమ్మకం వచ్చింది. కానీ క్లెయిమ్స్ ఆ సంస్థవి కావు. కార్మిక శాఖలోనే ఉన్న ఇంకో విభాగం వీటిని చూస్తుంది. పైగా ముడి లెక్క 50 రాష్ట్రాలతో పాటు వాషింగ్టన్ డీసీ, పోర్టోరికో, వర్జిన్ ఐలాండ్స్ నుంచి విడివిడిగా వస్తుంది. టెక్సస్, కాలిఫోర్నియా ప్రభుత్వాలు ఒక అబద్ధం మీద కలిసి నిలబడతాయని నేను అనుకోను. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 వరకు 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వం మూతపడినప్పుడు గురువారం ప్రకటనలు ఆగిపోయాయి. అయినా రాష్ట్రాలు తమ లెక్కలు అప్‌లోడ్ చేస్తూనే ఉన్నాయి. బ్యాంకుల్లోని ఆర్థికవేత్తలు వాటిని డౌన్‌లోడ్ చేసుకుని, కూడి, జాతీయ అంకెను వాళ్లే వేసుకున్నారు. ఈ ఒక్క సంగతి చాలు, ఈ లెక్క ఎంత బయటి వెలుతురులో ఉంటుందో తెలియడానికి.

ఇక ఆ దరఖాస్తు సంగతి. అసలు విషయం ఇందులోనే ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఫారం తెరవగానే అడిగేవి: ఆఖరున పనిచేసిన కంపెనీ ఏది, ఆఖరి రోజు ఏది, ఎందుకు మానేశారు. పని లేక తీసేశారా, మీరే మానేశారా, తప్పు చేశారని తీసేశారా. సెవరెన్స్, అంటే తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, ఏమైనా వచ్చిందా, ఎంత. ఇప్పుడు పనిచేయడానికి సిద్ధంగా, అందుబాటులో ఉన్నారా. అమెరికా పౌరులా, కాకపోతే పని చేయడానికి ఏ అనుమతి మీద ఉన్నారు, దాని నంబర్ ఎంత. సబ్మిట్ కొట్టగానే ఆ దరఖాస్తు ఆ వారం లెక్కలో చేరిపోతుంది. డబ్బు వస్తుందా రాదా అన్నది తర్వాతి సంగతి. మూడు వారాల తర్వాత తిరస్కరించినా ఆ ‘ఒకటి’ లెక్కలోంచి పోదు. కాబట్టి క్లెయిమ్స్ అంటే నిరుద్యోగుల సంఖ్య కాదు, బీమా పొందుతున్నవాళ్ల సంఖ్య కూడా కాదు. ఆ వారం తలుపు తట్టినవాళ్ల సంఖ్య.

తర్వాత సిస్టమ్ పాత జీతాల రికార్డు తీస్తుంది. అర్హత చూసేది నిన్నటి జీతంతో కాదు. పూర్తయిన ఆఖరి ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగింటిలో ఎంత సంపాదించారు అన్నది చూస్తారు. దీన్ని బేస్ పీరియడ్ అంటారు. ఎవరైనా 2025 సెప్టెంబర్‌లో అప్లై చేస్తే, 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు వాళ్ల జీతం చూస్తారు. మీ తమ్ముడు ఆ నెలల్లో క్లాసుల్లో ఉన్నాడు. అందుకే అతనికి క్లెయిమ్ అనేదే లేదు. అతను ఎన్ని వందల అప్లికేషన్లు పెట్టినా, ఎంత టెన్షన్ పడుతున్నా, గురువారం అంకె ఒక్క ఒకటి కూడా కదలదు. నెలవారీ సర్వేలో అయితే వేరు. అతని ఇల్లు శాంపిల్‌లో ఉండి, గత నాలుగు వారాల్లో ఉద్యోగం వెతికానని చెబితే నిరుద్యోగిగా లెక్కిస్తారు. దానికి బీమాతో ఏ సంబంధమూ లేదు.

ఇలా లెక్కకు బయట ఉండేవాళ్ల జాబితా పెద్దదే. కొత్తగా చదువు ముగించినవాళ్లు, తమంతట తాము ఉద్యోగం మానేసినవాళ్లు, ఉబర్ నడిపేవాళ్లు, సొంత వ్యాపారం మూసేసినవాళ్లు. ఇందులో మనవాళ్లకు సంబంధించిన ముక్క ఒకటుంది, దాన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ల జీతం మీద కంపెనీ నిరుద్యోగ బీమా పన్ను కడుతూనే ఉంటుంది. కానీ ఉద్యోగం పోయిన క్షణం నుంచి వాళ్ల పని అనుమతి ఆ కంపెనీతో ముడిపడి ఉన్నందువల్ల ‘పనికి అందుబాటులో ఉన్నారా’ అనే ప్రశ్న దగ్గర చాలా రాష్ట్రాలు ఆపేస్తాయి. చేతిలో మిగిలేది 60 రోజుల గ్రేస్ పీరియడ్. ఈ 60 రోజుల్లో ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా మారాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. ఆ హడావుడిలో క్లెయిమ్ ఎవరు పెడతారు? పిల్లల స్కూలు, ఇంటి లీజు, కారు లోను, అన్నీ ఆ రెండు నెలల్లో తేల్చుకోవాల్సిన కుటుంబాలను నేను చూశాను. ఓపీటీ (చదువు అయ్యాక కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద ఉన్న స్టూడెంట్ల మీద మొదటి ఐదేళ్లు సాధారణంగా కంపెనీ ఫెడరల్ నిరుద్యోగ పన్నే కట్టదు, కాబట్టి వాళ్లూ దాదాపుగా బయటే. వాళ్ల గడియారం వేరు: ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులు, సైన్స్, టెక్నాలజీ చదివినవాళ్లకు ఇచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే మొత్తం మీద 150 రోజులు. గ్రీన్‌కార్డ్ ఫైల్ చేసి ఈఏడీ (పని అనుమతి కార్డు) తీసుకున్నవాళ్లు, హెచ్-4 ఈఏడీ మీద పనిచేసినవాళ్లు మాత్రం అర్హత ఉంటే అప్లై చేయొచ్చు. తెలియక వదిలేస్తున్నారు, దయచేసి వదలకండి. అది దానం కాదు, మీ పని మీద కట్టిన ప్రీమియం.

కాబట్టి డల్లాస్ పక్కనున్న ప్లేనో, ఫ్రిస్కో వాట్సాప్ గ్రూపుల్లో లేఆఫ్ కబుర్లు మండుతున్న వారంలో కూడా జాతీయ అంకె నిద్రపోతూ ఉండొచ్చు. 2022 చివర, 2023 మొదట్లో సరిగ్గా ఇదే జరిగింది. 2022 నవంబర్‌లో మెటా 11 వేల మందిని తీసేసింది. 2023 జనవరిలో అమెజాన్ 18 వేలు, గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు అని ప్రకటించాయి. అదే జనవరిలో వారపు క్లెయిమ్స్ అప్పటి లెక్కల ప్రకారం 2 లక్షల లోపుకు దిగాయి. చాలామంది అప్పుడూ ‘లెక్కలు దొంగవి’ అన్నారు. కారణాలు మామూలువే. ఆ వేలల్లో కొంత భాగం అమెరికా బయటి ఉద్యోగులు. లోపలివాళ్లకు నెలల సెవరెన్స్ ఇచ్చారు, కొన్ని రాష్ట్రాల్లో సెవరెన్స్ వస్తున్నంత కాలం బీమా రాదు. కొందరు అది అయిపోయేలోపు ఇంకోచోట చేరిపోయారు. హెచ్-1బి వాళ్ల సంగతి పైన చెప్పాను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ గొడవా లేని మంచి నెలలో కూడా అమెరికాలో పదిహేను లక్షల మంది దాకా లేఆఫ్, డిశ్చార్జ్ కింద ఉద్యోగం పోగొట్టుకుంటారు. హెడ్‌లైన్‌లో కొండలా కనిపించే 10 వేలు ఆ మొత్తంలో ఒక శాతం కూడా కాదు.

సీజనల్ అడ్జస్ట్‌మెంట్ గురించి చెప్పకుండా ఈ అంకె గురించి మాట్లాడటం సగం మాట్లాడటమే. టీవీలో చెప్పే 2.2 లక్షలు నిజంగా వచ్చిన దరఖాస్తుల సంఖ్య కాదు. క్రిస్మస్ సీజన్ అవగానే షాపుల్లో, గోడౌన్లలో తాత్కాలికంగా పెట్టుకున్నవాళ్లను తీసేస్తారు, చలికి కన్‌స్ట్రక్షన్ పనులు ఆగుతాయి. అందుకే జనవరి మొదటివారాల్లో అసలు దరఖాస్తులు 3 లక్షలు దాటడం మామూలే. సెప్టెంబర్‌లో అవే 2 లక్షల లోపుకు పడిపోతాయి. ఏటా జరిగే ఈ ఎత్తుపల్లాలను తీసేసి, ‘ఈ వారానికి ఇది ఎక్కువా తక్కువా’ అని చెప్పడానికి వేసేదే సవరించిన అంకె. మామూలు రోజుల్లో ఇది బాగానే పనిచేస్తుంది. పండుగల దగ్గర మాత్రం తడబడుతుంది. 2025 థాంక్స్‌గివింగ్ వారంలో సవరించిన క్లెయిమ్స్ 1,91,000 అని వచ్చాయి. కొన్నేళ్ల కనిష్ఠం అని సంబరపడ్డారు. ఆ తర్వాతి వారం 2,36,000. అయ్యో, మాంద్యం వచ్చేసింది అన్నారు. ఆ రెండు వారాల్లో అమెరికాలో మారింది ఏమీ లేదు. పండుగ నాడు ఆఫీసులు మూసి ఉండటంతో దరఖాస్తులు తర్వాతి వారానికి జరిగాయి, ఆ పండుగేమో ఏటా ఒకే తేదీన రాదు. రెండు అంకెల సగటు తీస్తే మళ్లీ అదే 2.1 లక్షలు.

అదే సవరణ 2020లో ఎంత దారి తప్పిందో చూడండి. అంతకుముందు చరిత్రలో అత్యధికం 1982 అక్టోబర్‌లో వచ్చిన 6,95,000. కోవిడ్‌కు ముందు వారాల్లో 2 లక్షల పైచిలుకు నడుస్తోంది. 2020 మార్చి 21తో ముగిసిన వారంలో అది ఒక్కసారిగా 33 లక్షలకు వెళ్లింది, ఆ తర్వాతి వారం మొదటి లెక్కలోనే 66 లక్షలు, తర్వాత దాన్ని 68 లక్షలకు పెంచారు. కానీ ఆ వారం నిజంగా వచ్చిన దరఖాస్తులు సుమారు 60 లక్షలు. మిగతా ఎనిమిది లక్షలు ఎక్కడివి? సవరణ అప్పుడు గుణకంలా ఉండేది. మామూలుగా మార్చి చివర క్లెయిమ్స్ తక్కువ కాబట్టి అసలు సంఖ్యను కొంత శాతం పెంచి చూపేది. 2 లక్షల మీద ఆ శాతం కొన్ని వేలే, 60 లక్షల మీద అది లక్షలు. మెదడుతో చూస్తే అర్థమయ్యేదే, కానీ ఫార్ములాకు మెదడు ఉండదు. చివరకు 2020 సెప్టెంబర్ ప్రకటన నుంచి గుణించే పద్ధతి మానేసి కూడటం, తీసేయడం పద్ధతికి మారారు.

ఆ సంవత్సరం ఇంకో పాఠం నేర్పింది. చాలా రాష్ట్రాల్లో ఫోన్ లైన్లు జామ్, వెబ్‌సైట్లు కూలిపోవడం. కొన్ని రాష్ట్రాల సిస్టమ్‌లు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో దశాబ్దాల కిందట రాసిన ప్రోగ్రాముల మీద నడుస్తున్నాయి. న్యూజెర్సీ అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ ఏప్రిల్‌లో ప్రెస్‌మీట్‌లోనే కోబాల్ తెలిసినవాళ్లు కావాలని అడిగారు. ఉద్యోగం మార్చి 20న పోయినా దరఖాస్తు ఏప్రిల్‌లో గానీ వెళ్లలేదు చాలామందికి. అంటే ఆ వారాల్లో గురువారం అంకె చూపించింది ఎంతమంది రోడ్డున పడ్డారని కాదు, సిస్టమ్ ఎంతమందిని లోపలికి తీసుకోగలిగిందని. ఆ పైన స్వయం ఉపాధివాళ్ల కోసం ప్రత్యేక పథకం పెట్టారు. పాత బకాయి వారాలను ఒకేసారి క్లెయిమ్ చేసినప్పుడు ఒకే మనిషి పలుమార్లు లెక్కకు వచ్చాడు, దొంగ క్లెయిమ్స్ సరేసరి. 2020 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ, ఈ లెక్కలు ఎంతమంది మనుషులు బీమా తీసుకుంటున్నారో సరిగ్గా చెప్పడం లేదని రిపోర్ట్ ఇచ్చింది. క్లెయిమ్‌కూ మనిషికీ తేడా ఉందని ఆ ఏడాది అందరికీ తెలిసొచ్చింది.

దొంగ క్లెయిమ్స్ ఇప్పటికీ అప్పుడప్పుడు అంకెను ఊపుతూనే ఉన్నాయి. 2023 మేలో క్లెయిమ్స్ 2,64,000కు ఎగిరాయి. తీరా చూస్తే మసాచుసెట్స్‌లో మోసపు దరఖాస్తులు వరదలా వచ్చిపడ్డాయి. 2025 సెప్టెంబర్ 6తో ముగిసిన వారంలో 2,63,000, 2021 తర్వాత అత్యధికం. పెరుగుదలలో పెద్ద వాటా టెక్సస్‌ది, కారణం మళ్లీ మోసపు దరఖాస్తులే అని ఆ రాష్ట్రం చెప్పింది. వారం తిరిగేసరికి 2,31,000. తుపాన్లు కూడా ఇలాగే చేస్తాయి. 2017లో హార్వీ తుపాను టెక్సస్‌ను ముంచినప్పుడు జాతీయ అంకె 3 లక్షలకు దగ్గరపడింది, 2012లో శాండీ తర్వాత 4 లక్షలు దాటింది. రెండూ కొన్ని వారాల్లో దిగిపోయాయి. అందుకే ఒక్కసారిగా ఎగిరిన వారంలో నేను మొదట చూసేది రాష్ట్రాల టేబుల్. పెరిగింది ఒకటి రెండు రాష్ట్రాల్లోనే అయితే తుపానో, మోసమో, ఏదైనా ఫ్యాక్టరీ తాత్కాలికంగా మూయడమో. ముప్ఫై రాష్ట్రాల్లో కొద్దికొద్దిగా పెరిగితే మాత్రం నిటారుగా కూర్చోవాలి. నిజమైన మాంద్యం ఎప్పుడూ అలాగే, వెడల్పుగా మొదలవుతుంది.

ఇన్ని లోపాలు చెప్పాక దీన్ని ఎందుకు చూడాలని అడగొచ్చు. 2024 ఆగస్టు గుర్తుందా? ఆగస్టు 2, శుక్రవారం నిరుద్యోగ రేటు 4.3 శాతం అని వచ్చింది. ఆర్థికవేత్త క్లాడియా సామ్ పేరు మీద ఉన్న మాంద్యం సూచిక ప్రమాద గీత దాటింది. సోమవారం ప్రపంచమంతా మార్కెట్లు కూలాయి, మన సెన్సెక్స్ ఆ ఒక్కరోజు 2,200 పాయింట్లకు పైగా పడింది. గురువారం, ఆగస్టు 8న క్లెయిమ్స్ వచ్చాయి: 2,33,000, అంతకుముందు వారం కన్నా 17 వేలు తక్కువ. ఆ రోజు ఎస్ అండ్ పీ 500 సూచీ 2.3 శాతం లేచింది, 2022 నవంబర్ తర్వాత ఒక రోజులో అంత లాభం అదే. భయపడిన మార్కెట్ అడిగింది ఒకే ప్రశ్న, ‘కంపెనీలు మనుషులను తీసేయడం మొదలుపెట్టాయా?’ అని. ఆ ప్రశ్నకు నెల ఆగకుండా జవాబు చెప్పేది ఇదొక్కటే. లేదు అని చెప్పింది, ఆ తర్వాత నెలల్లో ఆ జవాబే నిలబడింది.

మాంద్యం నుంచి బయటపడేటప్పుడు కూడా ఇది ముందే చెబుతుంది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఆర్థికవేత్త రాబర్ట్ గోర్డన్ 2009 వసంతంలో పాత మాంద్యాలన్నీ తిరగేసి, క్లెయిమ్స్ నాలుగు వారాల సగటు శిఖరం దాటిన కొద్ది వారాలకే మాంద్యం ముగుస్తూ వచ్చిందని చూపించారు. అప్పటికి నిరుద్యోగ రేటు ఇంకా పైకే పోతోంది, ఎవరికీ ఆశ లేదు. సగటు ఏప్రిల్ మొదట్లో శిఖరం దాటింది, మాంద్యం జూన్‌లో ముగిసింది.

ఇక మీ తమ్ముడి సంగతికి వస్తాను. గురువారం ప్రకటనలో రెండో అంకె ఒకటి ఉంటుంది, టీవీవాళ్లు దాన్ని చదవకుండా వదిలేస్తారు. మొదటి దరఖాస్తు తర్వాత ప్రతి వారం మనిషి మళ్లీ లాగిన్ అయి, ఈ వారం కూడా పని లేదు, వెతుకుతున్నాను అని చెప్పాలి. అలా చెబుతున్నవాళ్ల మొత్తం కంటిన్యూయింగ్ క్లెయిమ్స్. ఇది ఇనీషియల్ కన్నా ఒక వారం వెనక ఉంటుంది. 2025లో మొదటి అంకె పైన చెప్పిన ఒకటి రెండు వింత వారాలు తప్ప దాదాపు ఏడాది పొడవునా 2 లక్షల నుంచి 2.5 లక్షల మధ్య ఊగుతుంటే, ఈ రెండోది ఏడాది మధ్యకు 19 లక్షలు దాటి 2021 చివరి తర్వాత ఎన్నడూ లేని స్థాయికి చేరింది. కొత్తగా ఊడేవాళ్లు పెరగలేదు, కానీ ఊడినవాళ్లకు మళ్లీ దొరకడం లేదు. జోల్ట్స్ అనే నెలవారీ సర్వేలో హైరింగ్ రేటు చూస్తే ఇదే కనిపిస్తుంది. 2025లో అది 3.3 శాతం దగ్గర ఉంది. ఇదివరకు అది ఆ స్థాయిలో ఉన్నది 2013 ప్రాంతంలో, నిరుద్యోగ రేటు 7 శాతం దాటి ఉన్న రోజుల్లో.

బస్సులోంచి దిగేవాళ్లను లెక్కపెట్టే మనిషికి, స్టాపులో నిలబడి ఎక్కలేకపోయినవాళ్లు కనిపించరు. కంపెనీలు కోవిడ్ తర్వాత మనుషులు దొరక్క పడ్డ కష్టం మర్చిపోలేదు, అందుకే ఉన్నవాళ్లను వదలడం లేదు. వడ్డీ రేట్లు, సుంకాలు, ఏఐ ఏం చేస్తుందో తెలియని అయోమయం వల్ల కొత్తవాళ్లను తీసుకోవడమూ లేదు. లోపల ఉన్నవాళ్లకు ఇది మంచి కాలమే. మీ తమ్ముడి లాంటి వాళ్లకు, 60 రోజుల్లో ఇంకోచోట చేరాల్సిన హెచ్-1బి వాళ్లకు మాత్రం చాలా చెడ్డ కాలం. లేబర్ మార్కెట్ గట్టిగా ఉందని టీవీలో చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కానీ సగమే చెబుతున్నారు. ఆ సగం విని ఇంట్లోవాళ్లు ‘అందరికీ దొరుకుతోంది, నీకే ఎందుకు దొరకడం లేదు’ అని ఆ కుర్రాళ్లను అనడం నాకు బాధ కలిగిస్తుంది. దయచేసి మీరు అలా అనకండి.

చూడాలనుకుంటే ఇలా చూడండి. వారపు అంకెను ఒంటరిగా పట్టించుకోవద్దు, నాలుగు వారాల సగటు చూడండి. పండుగ వారాల్లో సవరించని అసలు దరఖాస్తులను తీసి, పోయిన ఏడాది అదే వారంతో పోల్చండి. ఆ టేబుల్ ప్రకటనలోనే ఉంటుంది. పాత రికార్డులతో పోల్చేటప్పుడు దేశం పెరిగిందని మర్చిపోకండి: 1982లో అమెరికాలో జీతం తీసుకునేవాళ్లు 9 కోట్ల లోపు, ఇప్పుడు 16 కోట్లకు దగ్గర. కాబట్టి ఈనాటి 2.2 లక్షలు ఆనాటి 2.2 లక్షల కన్నా చాలా తక్కువ భారం. ఫెడరల్ ఉద్యోగుల క్లెయిమ్స్ వేరే వరసలో వేస్తారు, హెడ్‌లైన్‌లో కలపరు. 2025లో వాషింగ్టన్‌లో ఉద్యోగాలు పోయినా హెడ్‌లైన్ పెద్దగా కదలకపోవడానికి అదొక కారణం, వాళ్లలో లక్ష మందికి పైగా సెప్టెంబర్ దాకా జీతం తీసుకుంటూ రాజీనామా ఒప్పందంలో ఉండటం ఇంకో కారణం.

మీ తమ్ముడి కోసమైతే మొదటి అంకెను వదిలేసి రెండోదాన్ని పట్టుకోండి. హైరింగ్ మళ్లీ మొదలైతే ఇనీషియల్ క్లెయిమ్స్ కదలకుండానే కంటిన్యూయింగ్ తగ్గడం మొదలవుతుంది. కానీ తగ్గగానే సంతోషపడకండి. 26 వారాలు అయిపోయినవాళ్లు ఉద్యోగం దొరక్కపోయినా ఆ లెక్కలోంచి రాలిపోతారు. ఎందుకు తగ్గిందో తేల్చుకోవడానికి ఆ నెల జోల్ట్స్ హైరింగ్ రేటు, జాబ్స్ రిపోర్ట్‌లో 20-24 ఏళ్లవాళ్ల నిరుద్యోగ రేటు పక్కన పెట్టుకుని చూడండి. ఆ మూడూ ఒకే దిక్కుకు రెండు మూడు నెలలు నడిస్తే అప్పుడు అతనికి ఫోన్ చేసి, అప్లికేషన్ల జోరు పెంచమని చెప్పండి.